ఏసీలో గ్యాస్ ఏటా ఎందుకు తగ్గుతుంది? రాగి గొట్టం అంచు చెప్పే పాఠం

మార్చి నెలాఖరు. ఎండలు ముదురుతాయి. చలికాలమంతా వాడకుండా ఉంచిన ఏసీని ఆన్ చేస్తే గాలి వస్తుంది గానీ చల్లదనం రాదు. మెకానిక్‌ను పిలుస్తాం. ఆయన మీటరు తగిలించి చూసి, "గ్యాస్ అయిపోయిందండీ, నింపాలి" అంటారు. నింపుతారు, ఇల్లు చల్లబడుతుంది. మళ్లీ వచ్చే మార్చిలో అదే కథ. చాలా ఇళ్లలో ఇది బండికి పెట్రోలు పోయించినంత మామూలు ఖర్చు అయిపోయింది.

నిజానికి ఏసీలోని గ్యాస్ పెట్రోలు లాంటిది కాదు. వాడకంలో అది మండిపోదు, అరగదు, ఖర్చు కాదు. మూసి ఉన్న గొట్టాల్లో అదే గ్యాస్ తిరుగుతూ ఉంటుంది. ఇంటి లోపలి యూనిట్‌లో ద్రవం ఆవిరవుతూ గదిలోని వేడిని పీల్చుకుంటుంది. బయటి యూనిట్‌లో ఆవిరి మళ్లీ ద్రవమవుతూ ఆ వేడిని బయటికి వదిలేస్తుంది. గొట్టాలు గట్టిగా మూసుకుని ఉంటే మొదటి రోజు ఉన్న గ్యాసే యంత్రం ఉన్నన్నాళ్లూ సరిపోవాలి. గ్యాస్ తగ్గిందంటే అది అయిపోలేదు, ఎక్కడో కారిపోయింది.

ఎక్కడ కారిపోయి ఉంటుంది? అనుభవమున్న టెక్నీషియన్లు ముందుగా వెతికే చోట్లలో ఒకటి, లోపలి యూనిట్‌కూ బయటి యూనిట్‌కూ మధ్య నడిచే రాగి గొట్టాల చివర్లు. యంత్రంలోని మిగతా అతుకులు చాలావరకు ఫ్యాక్టరీలోనే పూర్తవుతాయి. ఈ చివర్లను మాత్రం మన ఇంట్లో, నిచ్చెన మీద నిలబడి, చేతి పనిముట్లతో తయారుచేయాలి. సెంటీమీటరు పొడవు కూడా లేని ఆ అంచును ఎలా కోశారు, ఎలా నునుపు చేశారు, ఎలా విప్పారు అన్నదాని మీదే ఏసీ ఆయుష్షు చాలావరకు ఆధారపడుతుంది. ఆ పనికి వాడే పనిముట్లు చూడటానికి చిన్నవే. ఒక్కోదాని వెనుక ఒక్కో శాస్త్ర సూత్రం ఉంది. వాటిని వరుసగా చూద్దాం.

రాగికే ఎందుకు ఈ పని?

రాగి వేడిని చాలా బాగా ప్రసరింపజేస్తుందని బడిలో చదువుకున్నాం. ఏసీ గొట్టాలకు అది ఒక కారణం. గొట్టపు చివరల విషయంలో రాగికి ఉన్న రెండో గుణం ఇంకా ముఖ్యం. అది సాగుతుంది. పగలకుండా వంగుతుంది, విప్పారుతుంది, ఇచ్చిన ఆకారంలోనే నిలుస్తుంది.

ఇది ఎలా సాధ్యం? రాగిలో పరమాణువులు వరుసలు తీరి, పొరలు పొరలుగా అమరి ఉంటాయి. లోహాన్ని వంచినప్పుడు ఒక పొర మరో పొర మీద జారుతుంది. అయితే పొర మొత్తం ఒక్కసారిగా జారదు. పెద్ద జంపఖానాను ఒక చివర పట్టి లాగితే కదలదు. అదే దానిలో ఒక ముడత లేపి, ఆ ముడతను చేత్తో ముందుకు నెట్టుకుంటూ పోతే జంపఖానా సులువుగా జరుగుతుంది. లోహపు స్ఫటికంలోనూ అలాంటి ముడతలే ఉంటాయి. వాటిని స్థానభ్రంశాలు అంటారు. 1934లో టేలర్, ఒరోవాన్, పొలానీ అనే ముగ్గురు శాస్త్రవేత్తలు విడివిడిగా ఈ ఆలోచనను ముందుకు తెచ్చారు. రాగి స్ఫటికంలో ఈ ముడతలు జారడానికి దారులు చాలా ఉన్నాయి. అందుకే అది అంత మెత్తగా లొంగుతుంది.

అయితే లొంగినకొద్దీ రాగి గట్టిపడుతుంది. వంచేకొద్దీ ముడతల సంఖ్య పెరిగి ఒకదానికొకటి అడ్డుపడతాయి. సందులో బళ్లు ఎదురెదురుగా వచ్చి ఇరుక్కున్నట్టు, ఏదీ ముందుకు కదలదు. దీన్ని ఇంట్లోనే పరీక్షించవచ్చు. పాత కరెంటు తీగలోని మందపాటి రాగి తీగను తీసుకుని ఒకే చోట అటూ ఇటూ వంచండి. మొదటిసారి మెత్తగా వంగుతుంది. రెండు మూడు సార్లకే బిగుసుకుంటుంది. ఇంకా వంచితే విరిగిపోతుంది.

ఇత్తడి, రాగి పాత్రలు చేసే కంచరి వారికి ఇది తరతరాలుగా తెలిసిన సంగతే. సుత్తితో కొట్టేకొద్దీ రేకు బిర్రుగా అవుతుంది. అప్పుడు దాన్ని కొలిమిలో కాల్చి మళ్లీ మెత్తబరుస్తారు. పంజాబ్‌లోని జండియాలా గురులో ఠఠేరాల పాత్రల తయారీ కళను యునెస్కో 2014లో మానవాళి అమూర్త సాంస్కృతిక వారసత్వ జాబితాలో చేర్చింది. కాల్చినప్పుడు లోహంలో చిక్కుపడిన పాత స్ఫటికాల స్థానంలో కొత్తవి పుడతాయి. ముడతల రద్దీ తగ్గుతుంది. ఏసీలకు చుట్టలుగా వచ్చే రాగి గొట్టం కూడా ఫ్యాక్టరీలో ఇలా వేడిచేసి మెత్తబరిచినదే. మెత్తబరిచిన రాగి విరగకముందు దాని పొడవులో దాదాపు 40 శాతం దాకా సాగగలదు. ఈ అంకెను గుర్తుపెట్టుకోండి. ముందుముందు అవసరపడుతుంది.

మొదటి పనిముట్టు: ట్యూబ్ కట్టర్

గొట్టాన్ని కావలసిన పొడవుకు కోయాలి. రంపంతో కోస్తే ఏమవుతుంది? రంపం పళ్లు లోహాన్ని పొడిగా గీరుతూ పోతాయి. ఆ రాగి పొడి గొట్టంలో పడుతుంది. తరువాత గ్యాస్‌తోపాటు ప్రయాణించి కంప్రెసర్‌కో, వెంట్రుక గొట్టం అంత సన్నగా ఉండే కేపిలరీకో చేరుతుంది. పైగా రంపం కోత నిటారుగా రాదు.

ట్యూబ్ కట్టర్ పద్ధతి వేరు. దానిలో ఒకవైపు పదునైన ఉక్కు చక్రం, ఎదురుగా రెండు రోలర్లు ఉంటాయి. గొట్టాన్ని మధ్యలో పెట్టి, మరను కొద్దిగా బిగించి, పనిముట్టును గొట్టం చుట్టూ తిప్పుతారు. ఒక్కో చుట్టుకు మరికొంచెం బిగిస్తారు. చక్రం లోహాన్ని గీరదు. గాడి చేసుకుంటూ పక్కకు నెడుతుంది. అందుకే పొడి రాలదు. రోలర్లు గొట్టాన్ని వంకర పోనివ్వవు కాబట్టి కోత గొట్టానికి సరిగ్గా లంబంగా వస్తుంది.

ఇక్కడ తొందర పనికిరాదు. ఒకేసారి గట్టిగా బిగించి తిప్పితే మెత్తటి రాగి చక్రం కింద నలిగి గొట్టం కోడిగుడ్డు ఆకారానికి తిరుగుతుంది. గుండ్రంగా లేని గొట్టాన్ని తరువాత ఎంత మంచి పనిముట్టుతో విప్పినా అంచు ఒకవైపు వెడల్పుగా, ఇంకోవైపు ఇరుకుగా వస్తుంది. నలిగిన చోట రాగి ముందే గట్టిపడిపోతుంది కూడా.

రెండోది: రీమర్

చక్రం లోహాన్ని పక్కకు నెడుతుందని చెప్పుకున్నాం. అలా నెట్టబడిన లోహంలో కొంత గొట్టం లోపలివైపు సన్నటి పెదవిలా తిరుగుతుంది. దీన్ని బర్ అంటారు. వేలు పెడితే గరుకుగా తగులుతుంది. చూడటానికి ఏమంత పెద్దది కాదు. లెక్కవేస్తే సంగతి తెలుస్తుంది.

గది ఏసీల్లో ద్రవం వెళ్లే సన్న గొట్టం బయటి వ్యాసం పావు అంగుళం, అంటే 6.35 మిల్లీమీటర్లు. గోడ మందం 0.8 మి.మీ. అనుకుంటే లోపలి వ్యాసం 4.75 మి.మీ. బర్ చుట్టూ 0.3 మి.మీ. మేర లోపలికి వచ్చిందనుకుందాం. అప్పుడు దారి వ్యాసం 4.15 మి.మీ.కు తగ్గుతుంది. వైశాల్యం వ్యాసపు వర్గాన్ని బట్టి మారుతుంది కాబట్టి దారి దాదాపు 24 శాతం మూసుకుపోయినట్టే.

దీనికన్నా పెద్ద నష్టం మరొకటి ఉంది. బట్టల కొట్టులో గుడ్డ చింపేటప్పుడు గమనించారా? ముందు అంచున కత్తెరతో చిన్న గాటు పెడతారు. ఆ తరువాత చేత్తో లాగితే గుడ్డ సర్రున చిరిగిపోతుంది. గాటు లేని అంచును లాగితే అంత తేలిగ్గా చిరగదు. లాగుడు బలమంతా గాటు కొన దగ్గర పోగుపడటమే దీనికి కారణం. గొట్టం అంచున మిగిలిన గరుకు కూడా అలాంటి గాటే. అంచును విప్పేటప్పుడు చీలిక అక్కడే మొదలవుతుంది.

అందుకే రీమర్. మూడు పలకల బ్లేడు ఉన్న ఈ చిన్న పనిముట్టును గొట్టం నోట్లో పెట్టి తిప్పితే బర్ తెగిపోతుంది. ఇక్కడ మాత్రం లోహపు పొడి రాలుతుంది. కాబట్టి గొట్టం నోరు కిందికి వంచి పట్టుకుని గీరాలి. పొడి బయటికే పడుతుంది. ఈ చిన్న జాగ్రత్తకు ఖర్చేమీ లేదు. పాటించకపోతే కంప్రెసరే ఖర్చయిపోవచ్చు. అలాగని అతిగా గీరితే అంచు కత్తిలా పలచబడుతుంది. పలచని అంచు విప్పినప్పుడు చీలుతుంది. గరుకు పోగానే ఆపేయాలి.

మూడోది: ఫ్లేరింగ్ టూల్

ఇప్పుడు అసలు పని. గొట్టం అంచును సన్నాయి మూతిలా బయటికి విప్పాలి. దీన్నే ఫ్లేర్ అంటారు. ఏసీలకు వాడే ఫ్లేర్ గొట్టం అక్షంతో 45 డిగ్రీల కోణంలో ఉంటుంది. ఏసీ యూనిట్ దగ్గర అదే కోణంలో శంకువులా చెక్కిన ఇత్తడి మూతి ఉంటుంది. విప్పిన రాగి అంచు దాని మీద కూర్చుంటుంది. వెనుకనుంచి ఇత్తడి నట్టు దాన్ని నొక్కి పట్టుకుంటుంది. హైడ్రాలిక్ యంత్రాల్లో 37 డిగ్రీల ఫ్లేర్లు కూడా ఉంటాయి. రెండింటినీ కలిపితే అతుకు నిలవదు.

ఇక్కడ చాలామందికి ఒక అపోహ ఉంది. గ్యాస్‌ను ఆపేది నట్టు మరలు అనుకుంటారు. అందుకే కుళాయికి చుట్టినట్టు మరలకు టేపు చుట్టేవారు కూడా ఉన్నారు. ఫ్లేర్ అతుకులో మరల పని నొక్కి పట్టడం వరకే. గ్యాస్‌ను ఆపేది శంకువు మీద ఒత్తుకున్న రాగి అంచు. సూక్ష్మదర్శినితో చూస్తే ఎంత నున్నని లోహమైనా కొండలూ లోయలూ ఉన్న నేలలా కనిపిస్తుంది. నట్టు బిగించినప్పుడు మెత్తటి రాగి ఇత్తడి మీది ఆ లోయల్లోకి ఒదిగి సందులను పూడ్చేస్తుంది. రబ్బరు వాషరు చేయాల్సిన పనిని రాగే చేస్తుంది. అందుకే ఆ అంచు మెత్తగా, నున్నగా, చీలిక లేకుండా ఉండాలి. దాని మీద ఒక్క గీత ఉన్నా అది లోపలినుంచి బయటికి తవ్విన కాలువే.

పనిముట్టులో రెండు భాగాలుంటాయి. ఒకటి, వేర్వేరు సైజుల రంధ్రాలున్న బిగింపు దిమ్మె. గొట్టాన్ని అందులో పెట్టి బిగిస్తారు. రెండోది, మరతో కిందికి దిగే ఉక్కు శంకువు. అది గొట్టం నోట్లోకి దిగుతూ అంచును విప్పుతుంది. దిమ్మె పైకి గొట్టాన్ని ఎంత వదలాలి అన్నది ముఖ్యం. ఆర్-410ఏ లాంటి గ్యాసుల కోసం తయారైన క్లచ్ రకం పనిముట్టు అయితే 0 నుంచి 0.5 మి.మీ. వరకు వదిలితే చాలు. పాత తరహా పనిముట్టు అయితే 1 నుంచి 1.5 మి.మీ. వదలాలి. తక్కువ వదిలితే ఫ్లేర్ చిన్నదై శంకువు మీద సరిగా ఆనదు. ఎక్కువ వదిలితే నట్టు లోపల పట్టదు.

ఇప్పుడు ఇందాకటి 40 శాతం అంకె దగ్గరికి వద్దాం. పావు అంగుళం గొట్టానికి పూర్తయిన ఫ్లేర్ వ్యాసం 8.7 నుంచి 9.1 మి.మీ. ఉండాలి. 6.35 మి.మీ. ఉన్న అంచును 9 మి.మీ.కు విప్పితే చుట్టుకొలత దాదాపు 42 శాతం పెరిగినట్టు. అర అంగుళం గొట్టాన్ని 12.7 నుంచి 16.4 మి.మీ.కు విప్పితే పెరుగుదల సుమారు 29 శాతం. అంటే సన్న గొట్టం విషయంలో రాగిని దాని ఓర్పు చివరిదాకా లాగుతున్నాం. జొన్నరొట్టె తట్టేవారికి ఈ కష్టం తెలుసు. రొట్టె పెద్దదయ్యేకొద్దీ అంచు పగలడానికి చూస్తుంది. ఎక్కడైనా చిన్న చీలిక వస్తే ప్రతి తట్టుకూ అది లోపలికి పాకుతుంది. రొట్టెకైతే తడి చేయి అద్ది అతికించవచ్చు. రాగికి ఆ వీలు లేదు. చీలిన అంచును కోసి పారేసి మళ్లీ మొదలుపెట్టడమే దారి.

మంచి పనిముట్టులో శంకువు సరిగ్గా మధ్యలో ఉండదు, కాస్త పక్కకు జరిగి ఉంటుంది. ఇది తయారీ లోపం కాదు, కావాలని చేసినదే. మధ్యలో ఉన్న శంకువు అంచు మొత్తాన్ని ఒకేసారి రాపిడితో తోస్తుంది. పక్కకు జరిగిన శంకువు అంచు మీద అప్పడాల కర్రలా దొర్లుతూ, ఒక్కో చోటును కొద్దికొద్దిగా నొక్కుతూ పోతుంది. అంచు చుట్టూ ఒకే మందంతో, నున్నగా వస్తుంది. తగినంత ఒత్తిడి రాగానే క్లచ్ టక్కుమని జారి చేతిని ఆపుతుంది. శంకువు మీద ఏసీ కంప్రెసర్‌లో వాడే నూనె ఒక చుక్క వేస్తే రాపిడి ఇంకా తగ్గుతుంది.

ఇంకో మాట. అంచును విప్పేముందు నట్టును గొట్టానికి ఎక్కించాలి. విప్పాక నట్టు ఎక్కదు. నేర్చుకునే రోజుల్లో ఈ తప్పు ఒక్కసారైనా చేయని మెకానిక్ అరుదు.

నాలుగోది: రెండు స్పానర్లు, ఒక కొలత

నట్టును ఎంత బిగించాలి? "చేతికి తెలుస్తుంది" అంటారు. చేతికి నిజంగా ఎంత తెలుస్తుందో చూద్దాం. పావు అంగుళం ఫ్లేర్ నట్టుకు తయారీదార్లు సాధారణంగా చెప్పే బిగింపు 14 నుంచి 18 న్యూటన్ మీటర్లు. అర అంగుళం నట్టుకు 49 నుంచి 61. న్యూటన్ మీటరు అంటే ఒక మీటరు పొడవు కాడ చివర ఒక న్యూటన్ బలం చూపే తిప్పుడు ప్రభావం. మన స్పానర్ కాడ 20 సెంటీమీటర్లు అనుకుంటే, సన్న నట్టుకు కావలసిన బలం సుమారు 80 న్యూటన్లు. అంటే 8 కిలోల బరువు వేలాడదీసినంత. లావు నట్టుకు సుమారు 275 న్యూటన్లు, అంటే 28 కిలోల బరువంత.

ఒకే చెయ్యి, ఒకే స్పానరు, కానీ కావలసిన బలంలో మూడున్నర రెట్ల తేడా. అలవాటైన చెయ్యి రెండింటినీ ఒకేలా బిగిస్తే సన్నది నలిగిపోతుంది, లేదా లావుది వదులుగా ఉండిపోతుంది. వదులుగా ఉంటే గ్యాస్ కారుతుంది. మరీ బిగిస్తే రాగి అంచు పలచబడి, నట్టు మెడ దగ్గర తెగుతుంది. ఆ తెగడం వెంటనే కనిపించదు. కంప్రెసర్ అదురుకు, ఎండకూ చల్లదనానికీ మారిమారి వ్యాకోచించి సంకోచించి, కొన్ని నెలల తరువాత బయటపడుతుంది. టార్క్ రెంచ్ ఈ ఊహాగానాన్ని కొలతగా మారుస్తుంది. కావలసినంత బిగింపు రాగానే అది క్లిక్‌మంటుంది. రెండో స్పానర్‌తో యూనిట్ వైపు మూతిని కదలకుండా పట్టుకోవాలి. లేకపోతే నట్టుతోపాటు గొట్టం కూడా మెలితిరుగుతుంది.

విప్పడం కాదు, వెడల్పు చేయడం: స్వేజింగ్

గొట్టం పొడవు చాలనప్పుడు రెండు ముక్కలను కలపాల్సి వస్తుంది. ఇక్కడ స్వేజింగ్ టూల్ పనికొస్తుంది. ఇది అంచును సన్నాయి మూతిలా కాక, గిన్నెలా నిటారుగా వెడల్పు చేస్తుంది. అదే సైజు రెండో గొట్టం అందులో దూరుతుంది. దాదాపు గొట్టం వ్యాసమంత లోతు దూరాలన్నది పనివాళ్ల లెక్క. ఆ తరువాత బ్రేజింగ్ చేస్తారు. రాగి, ఫాస్ఫరస్ కలిసిన కడ్డీ సుమారు 710 డిగ్రీల దగ్గర కరగడం మొదలవుతుంది. రాగి 1085 డిగ్రీల దాకా కరగదు. కాబట్టి గొట్టం చెక్కుచెదరకుండా కడ్డీ మాత్రం ద్రవమవుతుంది.

ఆ ద్రవం రెండు గొట్టాల మధ్య సందులోకి దానంతటదే పాకుతుంది. దీపపు వత్తిలో నూనె పైకి ఎక్కినట్టే ఇదీ కేశనాళికా చర్య. సందు మిల్లీమీటరులో పదో వంతు ఉంటే బాగా పాకుతుంది. సందు పెద్దదైతే పాకే శక్తి పోయి ద్రవం కిందికి జారిపోతుంది. స్వేజింగ్ కొలత ఖచ్చితంగా ఉండాల్సింది అందుకే. వేడిచేసే సమయంలో గొట్టం లోపల గాలి ఉంటే రాగి ఆక్సిజన్‌తో కలిసి నల్లటి పొరలు కడుతుంది. అవి తరువాత ఊడి సన్న దారులను మూసేస్తాయి. అందుకని లోపల నెమ్మదిగా నైట్రోజన్ పారిస్తూ బ్రేజింగ్ చేయాలి.

చలికాలంలోనూ ఆగని కారుడు

ఇంత జాగ్రత్త ఎందుకో లోపలి పీడనాన్ని చూస్తే అర్థమవుతుంది. ఏసీ ఆగి ఉన్నా గొట్టాల్లో పీడనం ఉంటుంది. యంత్రం మొత్తం 40 డిగ్రీల దగ్గర ఉంటే, పాత ఆర్-22 గ్యాస్ ఉన్న యంత్రంలో సుమారు 15 బార్ల పీడనం ఉంటుంది. ఇప్పటి ఆర్-32 అయితే సుమారు 25 బార్లు. కారు టైరులో ఉండేదానికి దాదాపు పది రెట్లు. అంటే గ్యాస్ కారడానికి ఏసీ నడవనక్కర్లేదు. అంచులో వెంట్రుకవాసి సందు ఉంటే చాలు, చలికాలమంతా, రాత్రీ పగలూ కారుతూనే ఉంటుంది. మనం గమనించేది మాత్రం మార్చిలో. "గ్యాస్ అయిపోయింది" అన్న మాట ఎండాకాలం మొదట్లోనే వినిపించడానికి ఇదొక కారణం.

పాత గ్యాస్‌కు సరిపోయిన నాసిరకం ఫ్లేర్ కొత్త గ్యాస్‌కు సరిపోకపోవడానికీ ఈ పీడనమే కారణం. కొత్త గ్యాసుల కోసం ఫ్లేర్ కొలతలు, కొన్ని నట్టుల సైజులు కూడా మార్చారు. అర అంగుళం నట్టు పట్టు వెడల్పు 24 మి.మీ. నుంచి 26 మి.మీ.కు పెరిగింది. పైగా ఆర్-32కు కొద్దిగా మండే గుణం ఉంది. కొన్ని ఏసీల్లో వాడే ఆర్-290 అంటే ప్రొపేన్, బాగా మండుతుంది. ఇలాంటి చోట కారుడు డబ్బు నష్టంతో ఆగదు. గదిలో మనుషుల భద్రత కూడా అందులో ఉంది.

అతుకు పూర్తయ్యాక పరీక్ష తప్పనిసరి. గొట్టాల్లో పొడి నైట్రోజన్‌ను రెగ్యులేటర్ ద్వారా ఎక్కించి, పీడనం నిలుస్తుందో లేదో చూస్తారు. అతుకు మీద సబ్బు నురగ రాస్తారు. బుడగ పుడితే అక్కడ కారుతున్నట్టు. నైట్రోజన్ బదులు ఆక్సిజన్ సిలిండర్ ఎన్నడూ వాడకూడదు. లోపలి నూనెతో కలిస్తే పేలిపోతుంది. ఆ తరువాత వ్యాక్యూమ్ పంపుతో గాలిని లాగేస్తారు. పీడనం బాగా తగ్గితే నీరు గది ఉష్ణోగ్రతలోనే మరుగుతుంది. గొట్టంలో దాగిన తేమ కూడా అలా ఆవిరై బయటికి పోతుంది.

ఇంటి గోడ దాటాక

కారిన గ్యాస్ ఎక్కడికి పోతుంది? గాలిలోకే. ఆర్-22 ఓజోన్ పొరను దెబ్బతీస్తుంది. 1987 నాటి మాంట్రియల్ ఒప్పందం కింద దాన్ని దశలవారీగా తొలగిస్తున్నారు. దాని స్థానంలో వచ్చినవి ఓజోన్‌కు హాని చేయవు గానీ భూమిని వేడెక్కిస్తాయి. వందేళ్ల లెక్కలో ఒక కిలో ఆర్-410ఏ సుమారు 2088 కిలోల కార్బన్ డయాక్సైడ్‌తో సమానం. ఒక కిలో ఆర్-32 సుమారు 675 కిలోలతో సమానం. లీటరు పెట్రోలు మండితే సుమారు 2.3 కిలోల కార్బన్ డయాక్సైడ్ వస్తుంది. ఆ లెక్కన ఒక కిలో ఆర్-410ఏ కారిపోవడమంటే దాదాపు 900 లీటర్ల పెట్రోలు తగలబెట్టినట్టు. అంతా ఒక చీలిన రాగి అంచు వల్ల.

ఈ గ్యాసులను తగ్గించేందుకు 2016లో కిగాలీ సవరణ కుదిరింది. భారత్ దాన్ని 2021లో ఆమోదించింది. అంతకుముందే, 2019 మార్చిలో కేంద్ర పర్యావరణ, అటవీ, వాతావరణ మార్పుల మంత్రిత్వ శాఖ భారత శీతలీకరణ కార్యాచరణ ప్రణాళికను విడుదల చేసింది. 2037-38 నాటికి ఈ గ్యాసుల గిరాకీని 25 నుంచి 30 శాతం తగ్గించాలన్నది అందులో ఒక లక్ష్యం. లక్ష మంది సర్వీసింగ్ టెక్నీషియన్లకు శిక్షణ, ధ్రువీకరణ ఇవ్వాలన్నది మరొకటి. రెండు లక్ష్యాలూ ఒకే పత్రంలో ఉండటం యాదృచ్ఛికం కాదు. వాతావరణ ఒప్పందం ఎంత పెద్ద సభలో కుదిరినా, చివరికి దాన్ని నిలబెట్టేది నిచ్చెన మీద నిలబడి గొట్టం అంచు విప్పే చేతులే.

మనం ఏం చూడాలి?

ఏసీ బిగించేటప్పుడు దగ్గరుండి కొన్ని గమనించవచ్చు. గొట్టాన్ని రంపంతో కాక కట్టర్‌తో కోస్తున్నారా? రీమర్ పెట్టేటప్పుడు గొట్టం నోరు కిందికి ఉందా? విప్పిన అంచు చుట్టూ ఒకే వెడల్పుతో, చీలికా గీతా లేకుండా అద్దంలా ఉందా? రెండు స్పానర్లు వాడుతున్నారా? సబ్బు నురగ రాశారా, వ్యాక్యూమ్ పంపు పెట్టారా? ఏసీని ఇల్లు మార్చి తిరిగి బిగిస్తున్నట్టయితే, పాత ఫ్లేర్‌ను కోసేసి కొత్తది చేయించాలి. ఒకసారి నొక్కుకున్న రాగి గట్టిపడి ఉంటుంది. అది రెండోసారి సందుల్లోకి అంత బాగా ఒదగదు.

ఈసారి ఎవరైనా "గ్యాస్ అయిపోయింది" అంటే, "ఎక్కడ కారిందో ముందు చూడండి, సరిచేశాకే నింపండి" అని అడగండి. ఆ వెతకడానికి, కోయడానికి, మళ్లీ విప్పడానికి పట్టే సమయానికి కూలి కూడా ఇవ్వండి. నింపడానికి మాత్రమే డబ్బిచ్చి, సరిచేయడానికి ఇవ్వకపోతే ఎవరైనా నింపే వెళ్తారు. సరిగ్గా చేసిన అంచు ఇంటికి ఏటా అయ్యే ఖర్చును ఆపుతుంది. మనకు కనిపించని గాలికి కూడా మేలు చేస్తుంది.